సెన్సార్ మార్చినందుకు బీమా ఎగ్గొట్టవచ్చా?

ప్రశ్న: మాది హాలియా దగ్గర పల్లె. పాత పెట్రోల్ మినీ ట్రక్కు ఉంది. నేనే నడుపుకుంటూ బాటసింగారం మార్కెట్‌కు బత్తాయి లోడ్లు వేస్తాను. పొల్యూషన్ టెస్టులో ఫెయిలవుతుంటే ఆటో ఎలక్ట్రీషియన్ ఒకే వైరున్న పాత ఆక్సిజన్ సెన్సార్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో ఇంజిన్‌కు చెప్పేది) తీసేసి, నాలుగు వైర్ల హీటెడ్ సెన్సార్ పెట్టాడు. పది రోజులకు చిట్యాల దాటాక సీటు కింద ఇంజిన్ దగ్గర మంటలు లేచాయి, వైరింగ్ అంతా కాలిపోయింది. 'అనుమతి లేని మార్పు' అంటూ బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఎలక్ట్రీషియనేమో 'నువ్వడిగితేనే పెట్టాను' అంటున్నాడు. ఆర్టీఏ వాళ్లు కూడా కేసు పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మీరు పంపిన తిరస్కరణ లేఖ చదివాను. మొత్తం రెండు వాక్యాలు. పాలసీలో ఏ షరతు ఉల్లంఘించారో అందులో లేదు. కాబట్టి ముందుగా 'ఏ షరతు కింద తిరస్కరించారో చెప్పండి, నష్టం అంచనా వేసిన సర్వేయర్ రిపోర్టు కాపీ ఇవ్వండి' అని కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ఫోన్‌లో మాట్లాడితే చేతిలో ఏమీ మిగలదు.

ఇక 'మార్పు' సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 దీని గురించే. బండి తయారుచేసిన కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. మార్పు అంటే ఏమిటో ఆ సెక్షనే చెబుతుంది: బండి నిర్మాణంలో మార్పు జరిగి, దాని మౌలిక లక్షణమే మారిపోవాలి. మీ ఆర్సీ తీసి చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, బాడీ రకం, బరువు ఉంటాయి. ఆక్సిజన్ సెన్సార్‌కు ఎన్ని వైర్లో ఉండదు. పెట్రోల్ బండికి గ్యాస్ కిట్ పెట్టించి ఆర్సీలో ఎక్కించకపోతే అది వేరే కథ. మీది పాడైన పార్టు స్థానంలో అదే పని చేసే పార్టు పెట్టించడం. నా దృష్టిలో ఇది రిపేరే.

అలాగని 'సెన్సార్ మార్చనే లేదు' అని మాత్రం ఎక్కడా రాయకండి. ఆ ఒక్క అబద్ధంతో కేసు పోతుంది.

మామూలు మోటారు పాలసీలో సొంత డ్యామేజీ కింద కవరయ్యే ప్రమాదాల్లో మొదటిదే అగ్నిప్రమాదం, బండి తనంతట తాను అంటుకోవడం సహా. అదే పాలసీలో మినహాయింపుగా 'ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్' కూడా ఉంటుంది. కంపెనీ లాయరు తప్పకుండా దాన్ని పట్టుకుంటాడు. దానికి జవాబు: చెడిపోయిన వైరు ధర మినహాయించుకోండి, దానివల్ల లేచిన మంటల్లో కాలినదానికి కట్టండి. బండిని జాగ్రత్తగా చూసుకోవాలన్న షరతునూ ఎత్తవచ్చు. మీరు వైరింగ్ పని తెలిసినవాడి చేతిలో పెట్టారు, అది అజాగ్రత్త కాదు. మినహాయింపు వర్తిస్తుందని నిరూపించాల్సిన భారం కంపెనీదే. షరతు ఉల్లంఘన జరిగిందనుకున్నా, మొత్తం క్లెయిమ్ కొట్టేయకుండా నాన్-స్టాండర్డ్ పద్ధతిలో కొంత శాతం ఇవ్వాలని 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది మీ రెండో మెట్టు, మొదటి మెట్టులోనే దీనికి ఒప్పుకోకండి.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వద్దాం. మీరు పంపిన ఫొటోలో హీటర్ వైరు నేరుగా బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి వచ్చింది. మధ్యలో ఫ్యూజు లేదు, రిలే (తాళం తిప్పినప్పుడే కరెంటు వదిలే స్విచ్చు) లేదు. ఈ సెన్సార్‌లో రెండు వైర్లు హీటర్‌వి, ఒకటి సిగ్నల్, ఒకటి దాని ఎర్త్. సెన్సార్ త్వరగా వేడెక్కి పనిచేయడానికే హీటర్. దానికి కరెంటు తాళం తిప్పినప్పుడే, ఫ్యూజు గుండా రావాలి. మీ బండిలో తాళం తీశాక కూడా హీటర్ వెలుగుతూనే ఉంది. పైగా వైరు సైలెన్సర్ పైపును ఆనుకుని పోయింది. తొడుగు కరిగి రాగి బాడీకి తగిలితే, ఆపడానికి ఫ్యూజు లేదు కాబట్టి బ్యాటరీ శక్తి అంతా అందులోంచే పోతుంది. 'నువ్వడిగితేనే పెట్టాను' అనేది సమాధానం కాదు. మీరు సెన్సార్ అడిగారు, ఫ్యూజు లేని వైరు అడగలేదు.

కాలిన వైరు ముక్కల్ని పారేయకండి. రాగి పోగులు కరిగి చిన్న గుండులా ముడిపడిన చోటు ఉంటే అది షార్టుకు గుర్తు. కవర్లో పెట్టి, తేదీ రాసి, ఫొటో తీయండి. బిల్లు లేదన్నారు, కానీ ఫోన్ పేలో కట్టిన రసీదు, అతని వాట్సాప్ మెసేజీలు ఉన్నాయిగా. వాటిని చెరపకండి. మరో అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌కు బండి చూపించి అఫిడవిట్ తీసుకోండి.

తర్వాత నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో బీమా కంపెనీని, ఎలక్ట్రీషియన్‌ను ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టి ఒకే ఫిర్యాదు వేయండి. గడువు రెండేళ్లు. సేవకు మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. 'ఇది కమర్షియల్ బండి, మీరు వినియోగదారు కారు' అని వాదిస్తారు. బీమా తీసుకునేది నష్టం పూడ్చుకోవడానికే కానీ లాభానికి కాదని 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎలక్ట్రీషియన్ విషయంలో మాత్రం, అదే వాదనను తిప్పికొట్టడానికి, బండి మీరే నడుపుకుంటారని, అదే మీ జీవనాధారమని ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయించండి.

ఆర్టీఏ భయం అక్కర్లేదు. సెన్సార్ మార్చినందుకు కాదు, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేయడం లాంటివి చేసి కాలుష్య ప్రమాణాలు మీరితే అదే చట్టంలోని సెక్షన్ 190 వస్తుంది. అందులో మొదటిసారికి 3 నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీరు చేసింది దానికి పూర్తిగా తిరుగు పని. బండి ఎనిమిదేళ్లు దాటింది కనుక ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. కొత్త వైరింగ్ బిల్లులో ఫ్యూజు, రిలే పేర్లు విడిగా రాయించి, ఆ బిల్లు బండిలోనే పెట్టుకోండి. బండి విప్పే ముందు మాత్రం సర్వేయర్ రిపోర్టు చేతికి రానివ్వండి.