ఐరోపా నాయకులతో మన సమావేశాల వల్ల ఏం ఒరుగుతుంది? ఒక తోతాపురి రైతు కొడుకు జవాబు

"భారత్–ఐరోపా సమాఖ్య శిఖరాగ్ర సమావేశాల వల్ల ఫొటోలు తప్ప సామాన్యుడికి ఏమైనా ఒరుగుతుందా?" అని అడిగారు. ఒరుగుతుంది. మాది చిత్తూరు దగ్గర బంగారుపాళ్యం మండలం, నాలుగెకరాల తోతాపురి మామిడి తోట.

2025 జూన్‌లో నాయన, నేను కాయ కోసి ట్రాక్టరుకెత్తి మామిడి గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీకి పోయాం. టోకెన్ చేతిలో ఉంది గానీ గేటు ముందు కిలోమీటరు పొడవున బండ్లు. రెండు రాత్రులు ట్రాలీ కిందే పడుకున్నాం. రెండోరోజు మధ్యాహ్నానికి అడుగు కాయ మెత్తబడి రసం కారడం మొదలైంది. నాయన తువ్వాలుతో ఈగల్ని తోలుతూనే ఉన్నాడు. పారబోయాల్సిన కాయ మీద ఈగ వాలితే ఏంటి, వాలకపోతే ఏంటి? అయినా తోలుతూనే ఉన్నాడు. లోపలినుంచి వచ్చిన సూపర్‌వైజర్ "పెద్దాయనా, పోయినేటి గుజ్జు డ్రమ్ములే ఇంకా కదల్లేదు, బయటి దేశాల ఆర్డర్లు లేవు" అన్నాడు. కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలని ప్రకటించారు. ఆ 8 కూడా మాకు పూర్తిగా ముట్టలేదు.

మా కాయ ధర చిత్తూరులో కాదు, గుజ్జు కొనే బయటి దేశాల్లో, వాళ్ళ నిబంధనల దగ్గర తేలుతుందని ఆ గేటు దగ్గరే నాకు తెలిసొచ్చింది. ఏదైనా పురుగుమందుకు ఐరోపాలో ప్రత్యేక హద్దు లేకపోతే, సరుకులో మిగిలిన ఆ మందు కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందును వాళ్ళు 2020లోనే ఆపేశారు. ఇక్కడ పూతకు తేనెమంచు పురుగు పడితే, అంగట్లో ఏ డబ్బా చేతిలో పెడితే అదే కొడతాం. ఈ నాలుగు ముక్కలు తెలుగులో అచ్చేసి ఊళ్ళో గోడకు అంటించడానికి ఎంత ఖర్చవుతుంది? నా కోపమంతా దానిమీదే.

భారత్–ఐరోపా మొదటి శిఖరాగ్ర సమావేశం 2000లో లిస్బన్‌లో జరిగింది. 2007లో మొదలైన వాణిజ్య చర్చలు 2013లో ఆగిపోయాయి. 2012 తర్వాత 2016 దాకా అసలు సమావేశమే లేదు. ఆ మధ్యలోనే, 2014 మేలో, పండు ఈగ ఉందని మన మామిడి పండ్లను ఐరోపా నిషేధించింది, 2015లో గానీ ఎత్తేయలేదు. ఏటా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటుంటే ఆ సంగతి నిషేధం దాకా వచ్చేదే కాదని నా గట్టి నమ్మకం. సమావేశాలు దండగ అనేవాళ్ళు ఆ నాలుగేళ్ళు చూడండి.

మళ్ళీ మొదలైన ఆ వాణిజ్య ఒప్పందం చర్చలు ముగిశాయని 2026 జనవరి 27న ఢిల్లీలో ప్రకటించినప్పుడు టీవీల్లో రోజంతా కార్లు, వైన్ ధరలే. మామిడి గుజ్జు మాట నాకెక్కడా వినపడలేదు. ఈసారి మన అధికారుల పక్కన ఒక గుజ్జు ఎగుమతిదారుణ్ణి, ఒక మామిడి రైతునూ కూర్చోబెట్టాలి. గేటు దగ్గర రెండు రాత్రులు గడిపినవాడు అడిగే ప్రశ్నలు వేరు.

పూత మొదలయ్యాక నాయన "ఈ తడవ ఏ మందు కొట్టాలిరా?" అని అడిగాడు. ఐరోపా జాబితా ఫోన్‌లో తెరిచి, వద్దన్న మందుల పేర్లు ఒక్కొక్కటే తెలుగులో రాసిచ్చాను. పక్క తోటలవాళ్ళు కూడా వచ్చి ఆ కాగితాన్ని ఫొటో తీసుకుపోయారు.