టానిక్ సంగతి తర్వాత, ముందు ఆ నిద్రమాత్ర సంగతి చెప్పండి

ప్రశ్న: నా వయసు 41. గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమిషన్ కొట్లో గుమాస్తాను. సీజన్‌లో రెండు ఫోన్లు, కంప్యూటరు, ఎదురుగా రైతులు.. అన్నీ ఒకేసారి చూసుకోవాలి. ఒకప్పుడు అవలీలగా చేసేవాణ్ణి. ఏడాదిగా బస్తాల లెక్క తప్పుతోంది. ఫోన్ పెట్టేశాక ఏం మాట్లాడానో గుర్తుండట్లేదు. షుగర్‌కి ఆరేళ్లుగా మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కి పాంటోప్రజోల్ వాడుతున్నాను. నిద్ర పట్టక మందుల షాపులో అడిగి అల్ప్రాజోలం 0.5 వేసుకుంటున్నాను. మల్టీటాస్కింగ్ వల్ల మెదడు దెబ్బతింటుందా? జ్ఞాపకశక్తికి మంచి టానిక్ చెప్పగలరు. - ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: టానిక్ రాయను. మీరు ఒక్క ముక్కలో దాటేసిన ఆ నిద్రమాత్రే నన్ను కంగారు పెడుతోంది. ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారో రాయలేదు. అదీ ఏడాది నుంచేనా? అల్ప్రాజోలం కొత్తగా విన్నవి, చూసినవి మనసులో నిలవకుండా చేయగలదు. మర్నాడు పొద్దున కూడా మందకొడిగా ఉంచుతుంది. పైగా అలవాటు పడుతుంది.

అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. రోజూ వాడేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ఉన్న నిద్రా పోతుంది, గుండెదడ, వణుకు వస్తాయి, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చూస్తుండగా వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఈలోగా మద్యం జోలికి అసలు పోవద్దు.

ఇది హెచ్‌1 షెడ్యూల్ మందు. చీటీ లేకుండా అమ్మకూడదు. రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు షాపువాళ్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి. అడగ్గానే ఇచ్చినవారిది ఎంత తప్పో, అడిగిన మీదీ అంతే తప్పు. కోప్పడుతున్నానని అనుకోకండి, రోజూ చూస్తున్నాను కాబట్టి చెబుతున్నా. కత్తెరతో కోసిన స్ట్రిప్ ముక్క తెచ్చి నా బల్ల మీద పెడతారు. రెండు మాత్రలు, వెనక సగం సగం అక్షరాలు. పేరూ డోసూ ఉన్న భాగం షాపులోనే ఉండిపోయి ఉంటుంది. ఏం మాత్రమ్మా అంటే, ‘నిద్రకండీ, తెల్లది’ అంటారు. దేనికి విరుగుడు రాయమంటారు?

రెండోది. మెట్‌ఫార్మిన్, పాంటోప్రజోల్ ఏళ్ల తరబడి కలిపి వాడితే బీ12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది. మతిమరుపునకు అదీ ఒక కారణం. అరికాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయా? బీ12, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), రక్తహీనత పరీక్షలు చేయించండి. గట్టిగా గురక పెడతారా అని ఇంట్లో అడగండి. గురకతో నిద్రలో ఊపిరి ఆగుతుంటే, ఈ మాత్ర దాన్ని ఇంకా పెంచగలదు.

ఇక మీరు అడిగింది. రెండు ఫోన్ల వల్ల మెదడు దెబ్బతింటుందనడానికి గట్టి ఆధారం లేదు. కానీ ఆలోచించి చేసే పనులు రెండింటిని మెదడు ఒకేసారి చేయదు, ఒకదాని నుంచి మరోదానికి మారుతుంటుంది. మారిన ప్రతిసారీ కొంత సమయం పోతుంది, తప్పులు పెరుగుతాయి. 2010లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 200 మంది చేత కారు నడుపుతున్నట్టుండే యంత్రంపై, ఫోన్లో మాట్లాడిస్తూ పరీక్ష పెట్టారు. ఏ పనీ దెబ్బతినకుండా చేసినవాళ్లు 2.5 శాతమే. కాబట్టి ‘అవలీలగా’ అన్న మాట పక్కన పెట్టండి. తూకం చీటీలో అంకె వేసేదాకా ఫోన్ ఎత్తకండి. తప్పనిసరై ఎత్తితే, ఆగిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. హెల్మెట్‌లో ఫోన్ దూర్చి బండి నడిపే అలవాటుంటే ఈరోజే మానేయండి. మాత్ర మత్తు తోడైతే ఇంకా ప్రమాదం.

చూడకుండా ఇంతకు మించి చెప్పడం సరికాదు. మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒకవైపు బలహీనంగా అనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. అలాంటివేవీ లేకపోతే ఈ వారంలోనే న్యూరాలజిస్టుకో, మానసిక వైద్యులకో చూపించుకోండి. మీ ఊళ్లో ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) ఉంది. యార్డు సీజన్ అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, కోసిన ముక్కలైనా సరే, ఒక కవర్‌లో వేసుకెళ్లండి.