ఇంటి పక్కన చిన్న మెథడిస్టు చాపెల్ ఉంది, వెళ్ళొచ్చా?

ప్రశ్న: ఈమధ్యే ఇంగ్లండ్ వచ్చాం. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). మేముండే వీధిలోనే పాత మెథడిస్టు చాపెల్ ఉంది. ఆదివారం ఇరవై మంది కూడా కనబడరు, అందరూ పెద్దవాళ్ళే. మేం వెళ్తే బాగుంటుందా? తెలుసుకోవాల్సిన పద్ధతులేమైనా ఉన్నాయా?

జవాబు: తప్పకుండా వెళ్ళండి. మీకు అది పరాయి సంఘం కూడా కాదు. 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐగా ఏకమైన సంఘాల్లో మెథడిస్టులూ ఉన్నారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని కట్టించిన పోస్నెట్ దొరగారు వెస్లియన్ మెథడిస్టు (జాన్ వెస్లీ మొదలుపెట్టిన మెథడిస్టుల్లో ఒక శాఖ) మిషనరీయే. బాప్టిస్టులైనా, పెంతెకొస్తులైనా, అసలు క్రైస్తవులు కాకపోయినా తలుపు దగ్గర మీదే సంఘమని ఎవరూ ఆరా తీయరు.

లోపలికి వెళ్ళేముందు గుమ్మం పైనున్న రాయి చదవండి. ఏ సంవత్సరంలో కట్టారో ఉంటుంది. చాలాచోట్ల ఎబెనెజరు, బేతేలు, సీయోను లాంటి, మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన బైబిలు పేర్లే ఉంటాయి. 'వెస్లియన్' అనో 'ప్రిమిటివ్' అనో కూడా చెక్కి ఉండొచ్చు. 1807లో ఇంగ్లండ్‌లోని మౌ కాప్ కొండ మీద జరిగిన బహిరంగ ప్రార్థన కూటం నుంచి ప్రిమిటివ్ మెథడిస్టులు పుట్టుకొచ్చారు. గని కూలీలు, పొలం కూలీలు వాళ్ళలో ఎక్కువ. 1932లో ఈ రెండు శాఖలూ యునైటెడ్ మెథడిస్టులనే మూడో శాఖతో కలిసి ఒకే సంఘమయ్యాయి. ఒకే ఊళ్ళో కూతవేటు దూరంలో రెండు చాపెళ్ళు ఉండటానికీ, వాటిలో ఒకటి ఇప్పుడు ఇల్లుగానో కార్పెట్ల దుకాణంగానో మారిపోవటానికీ కారణం అదే. గోడ అడుగున ఇటుకల మీద పొడి అక్షరాలు కనిపిస్తే అవి కట్టడానికి చందా ఇచ్చినవాళ్ళవి. బల్లల చివర నంబర్లుంటే అవి పూర్వం కుటుంబాలు అద్దె కట్టి కూర్చున్న రోజుల గుర్తు. ఇప్పుడు రిజర్వేషనేమీ లేదు, ఎక్కడైనా కూర్చోవచ్చు. అయినా ముప్పై ఏళ్ళుగా ఒకే చోట కూర్చునే పెద్దావిడ ఒకరు ఉండనే ఉంటారు! మొదటి వారం వెనక వరసే మేలు.

చెప్పులు విప్పనక్కర్లేదు. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు అనే పద్ధతి లేదు. ఆరాధన సాధారణంగా ఉదయం పదిన్నర, పదకొండుకు మొదలై గంటలో అయిపోతుంది. అందరూ ఒక్కసారి గొంతెత్తి ప్రార్థించటం ఉండదు. ఆ నిశ్శబ్దం చూసి మనవాళ్ళు 'ఇక్కడ ఆత్మ లేదు' అనుకుంటారు, తొందరపాటు అది.

మనవాళ్ళు ఎక్కువగా తికమకపడేది 'ప్లాన్' దగ్గర. కొన్ని చాపెళ్ళు కలిస్తే ఒక సర్క్యూట్. ఒక్క మినిస్టరే (పాస్టరుగారే) నాలుగైదు చాపెళ్ళు చూసుకోవచ్చు. అందుకే వారం వారం ప్రసంగికులు మారుతుంటారు. చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ, శిక్షణ పొంది బోధించే లోకల్ ప్రీచర్లు. మూడు నెలలకు ఎవరు ఎక్కడో చెప్పే పట్టికే ప్లాన్. నోటీసు బోర్డు మీద చూడండి, లేదా స్టీవార్డును (చాపెల్ పనులు చూసుకునే సభ్యుణ్ణి) ఒక కాపీ అడగండి. అందులో 'సర్క్యూట్ సర్వీస్' అని ఉన్న ఆదివారం అందరూ వేరే చాపెల్లో కలుస్తారు. చూసుకోకపోతే తాళం వేసిన తలుపు ముందు నిలబడాల్సి వస్తుంది. అడిగితే కార్లో తీసుకెళ్ళేవాళ్ళు దొరుకుతారు. అయ్యగారూ అని పిలవటం అలవాటైన మనకు మినిస్టరును పేరు పెట్టి పిలవటం ఇబ్బందే, కానీ అక్కడ అదే మర్యాద.

ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) చాలాచోట్ల నెలకోసారి. సభ్యులు కాకపోయినా తీసుకోవచ్చు. చిన్న గ్లాసుల్లో ఇచ్చే ద్రాక్షరసంలో ఆల్కహాలు ఉండదు. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఉంటుందని ఎదురుచూడకండి. జనవరి మొదట్లో వచ్చే నిబంధన ఆరాధనకు (దేవునికి ఇచ్చిన మాటను ఏటా మళ్ళీ ఇచ్చే ఆరాధన) మాత్రం తప్పక వెళ్ళండి. వెస్లీ 1755లో మొదలుపెట్టింది అది.

కానుక ఎంతైనా ఫరవాలేదు. గిఫ్ట్ ఎయిడ్ ఫారం మాత్రం ఆలోచించి నింపండి. దానివల్ల మీరిచ్చే ప్రతి పౌనుకు ప్రభుత్వం నుంచి 25 పెన్స్ చర్చికి చేరుతుంది, కానీ అది మీరు కట్టిన ఇన్‌కం టాక్స్ లెక్కలోంచి వచ్చేదే. టాక్స్ కట్టని విద్యార్థి సంతకం పెడితే ఆ సొమ్ము అతన్నే కట్టమంటారు.

ఆరాధన అయ్యాక టీ తాగకుండా వెళ్ళిపోకండి. అసలు పరిచయాలన్నీ అక్కడే. మాట కలపటానికి వాతావరణం కన్నా 'ఈ చాపెల్ ఎవరు కట్టించారు?' అన్న ప్రశ్న బాగా పనిచేస్తుంది. గోడ మీద యుద్ధంలో చనిపోయినవాళ్ళ పేర్ల ఫలకం ఉంటే వాళ్ళ బంధువులు అక్కడే ఉండొచ్చు కూడా. పాత బాప్తిస్మ రిజిస్టర్లు చూడాలనిపిస్తే అవి చాలావరకు కౌంటీ రికార్డు ఆఫీసులో ఉంటాయి.

తలా ఒక వంట తెచ్చే భోజనాలకు పులిహోర పట్టుకెళ్తే పక్కన చీటీ పెట్టండి. అక్కడ అలర్జీ పదార్థాల జాబితాలో 14 ఉన్నాయి. వేరుశెనగ, జీడిపప్పే కాదు, ఆవాలూ అందులో ఉన్నాయి. ఇంగువ పొడిలో తరచుగా గోధుమపిండి కలుపుతారు కాబట్టి గ్లూటెన్ సంగతీ రాయాలి.

సండే స్కూల్లో సాయం చేస్తామంటే వెంటనే ఒప్పుకోరు. డీబీఎస్ (నేరచరిత్ర) తనిఖీ, సేఫ్‌గార్డింగ్ (పిల్లల రక్షణ) శిక్షణ ముందు పూర్తవ్వాలి. కొత్తగా వచ్చారు కాబట్టి ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ కూడా అడగవచ్చు. అనుమానించారనుకోకండి, అందరికీ అదే నియమం. పిల్లలు కనబడే వీడియోలు అడగకుండా తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టటమూ ఇందుకే తప్పు.

తెలుగు ప్రార్థన కూటానికో, పాప పుట్టినరోజుకో హాలు కావాలంటే స్టీవార్డును బుకింగ్ ఫారం అడగండి. మెథడిస్టు ఆవరణలో మద్యం నిషేధం, బీరైనా సరే. భవనం లిస్టెడ్ (రక్షించాల్సిన పాత కట్టడాల ప్రభుత్వ జాబితాలో ఉన్నది) అయితే పాత చెక్క మీద టేపు, మేకులు అసలు వాడొద్దు. వార్నిష్ ఊడితే మీ డిపాజిట్ పోతుంది.

అక్కడే స్థిరపడి సభ్యత్వం తీసుకోవాలనుకుంటే, మన ఊళ్ళో అయ్యగారి దగ్గర సంఘ సభ్యులని ఉత్తరం రాయించుకోండి, ఇంగ్లీషులో, సంతకం, ముద్రతో. మీరు ఇప్పటికే వచ్చేశారు కాబట్టి ఇంటివాళ్ళ చేత స్కాన్ తెప్పించుకున్నా సరిపోతుందేమో మినిస్టరును అడగండి.