అమ్మ తుంటి ఆపరేషన్‌కి ఎఫ్‌డీ తీయాలా?

బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒకాయన రాశారు. 78 ఏళ్ల అమ్మ బాత్రూమ్‌లో జారి పడ్డారట, తొడ ఎముక మెడ దగ్గర విరిగి పక్కకి జరిగింది, సగం జాయింట్ మార్చాలన్నారు. ఎముకలో మెడికల్ సిమెంట్‌తో అతికించి పెట్టేది ఒక రేటు, సిమెంట్ లేని ఇంపోర్టెడ్‌ది లక్షన్నర ఎక్కువ. ఎఫ్‌డీ బ్రేక్ చేయనా, మా ఆవిడ గాజులు కుదువ పెట్టనా అని అడిగారు.

ముందు ఆపరేషన్ ఆపకండి. మా నాన్నమ్మకి డబ్బు సర్దుకునేసరికి నాలుగు రోజులైంది, ఆ నాలుగు రోజులు మంచం మీదే ఉండి నిమ్ము చేసింది, ఆ బాధ నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా. ఒంట్లో వేరే ఇబ్బంది లేకపోతే ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి.

రేటు ఎక్కువ కాబట్టి మంచిదేమో అనుకోవద్దు. బ్రిటన్‌లో 60 దాటిన 1,225 మంది మీద సరిగ్గా ఈ రెండూ పోల్చి చూసి 2022లో ఫలితాలు ఇచ్చారు, సిమెంట్‌తో పెట్టినవాళ్ళే నాలుగు నెలలకి కాస్త మెరుగ్గా ఉన్నారు, ఇంప్లాంట్ పక్కన ఎముక మళ్ళీ విరగడం సిమెంట్‌వాళ్ళలో 0.5 శాతం, సిమెంట్ లేనివాళ్ళలో 2.1 శాతం. కాకపోతే గుండె బాగా వీక్‌గా ఉంటే సిమెంట్ పెట్టేటప్పుడు బీపీ పడిపోవచ్చు, అది మత్తు డాక్టర్‌ని అడగండి. ఆ కారణం చెప్పి వద్దంటే వాళ్ళ మాటే వినండి, వేరే కారణమేదీ లేకపోతే లక్షన్నర ఎందుకు పెట్టాలో సర్జన్‌నే నేరుగా అడగండి, మొహమాటపడకండి.

ఇక అమ్మ హెల్త్ పాలసీ. తీసుకుని ఏడాదే అయిందన్నారు, జాయింట్ రీప్లేస్‌మెంట్‌కి రెండేళ్ళ వెయిటింగ్ ఉందని ఇన్సూరెన్స్ డెస్క్‌లో అనొచ్చు, కానీ చాలా పాలసీల్లో యాక్సిడెంట్ వల్ల అయితే ఆ వెయిటింగ్ వర్తించదు, మీ పాలసీలో ఆ లైన్ వెతకండి, క్యాజువాలిటీ నోట్స్‌లో "బాత్రూమ్‌లో జారి పడ్డారు" అని రాసుందో లేదో ఇవాళే చూసుకోండి. రూమ్ అద్దె మాత్రం పాలసీలో ఉన్న లిమిట్ దాటకండి, దాటితే డాక్టర్ ఫీజు, థియేటర్ ఛార్జీల్లో కూడా కోత పడొచ్చు (ఇంప్లాంట్, మందుల మీద ఆ కోత వేయకూడదని ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ రూల్). ఇంప్లాంట్ డబ్బా మీద లాట్ నంబర్ ఉన్న చిన్న స్టిక్కర్లు ఉంటాయి, అవి కేస్ షీట్‌లో అతికించారా, ఇన్‌వాయిస్ విడిగా ఇచ్చారా చూడండి, క్లెయిమ్‌లో అడుగుతారు.

గాజుల జోలికి పోకండి. కోపే, అంటే బిల్లులో మీరు కట్టాల్సిన వాటా, 20 శాతమే కాబట్టి ఎఫ్‌డీలో అంతవరకే తీయండి, బ్యాంక్ ఒప్పుకుంటే ఎఫ్‌డీ మీద లోన్ ఇంకా నయం. ఇంపోర్టెడ్‌ది వద్దనుకుంటే మిగిలే లక్షన్నరలో ఫిజియోథెరపిస్ట్‌కి, రాత్రి అటెండెంట్‌కి, ఎముకలు గట్టిపడే మందుకి పక్కన పెట్టండి, అమ్మ ఇంటికొచ్చేలోపు బాత్రూమ్ గోడకి పట్టుకునే రాడ్ కూడా బిగించేయండి.