‘చిన్న వర్క్ ఉంది’ అంటే ఎంత చిన్నది?

ప్రశ్న: సొంత వాడకానికి ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. ‘8 జీబీ ర్యామ్, నీట్ కండిషన్, చార్జింగ్ పెట్టి వాడితే సూపర్, చిన్న వర్క్ ఉంది, నో రిటర్న్’ అని రాశారు. తీరా వచ్చాక చూస్తే ర్యామ్ 4 జీబీయే. ప్లగ్ పీకగానే ఆగిపోతోంది. స్క్రీన్ హింజ్ విరిగి ఉంది. అడిగితే ‘అన్నీ ముందే రాశాం కదా’ అంటున్నారు. డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: మీ కేసుకు బలం ర్యామ్ దగ్గర ఉంది. వర్ణన నమ్మి కొన్నప్పుడు, వచ్చిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 చెప్పేది ఇదే. పాత సామానైనా అంతే. 8 అని రాసి 4 పంపినవాళ్లను ‘నో రిటర్న్’ అన్న మాట అంత తేలిగ్గా కాపాడదు.

‘నీట్’, ‘సూపర్’ వదిలేయండి, అవి అమ్మేవాళ్ల పొగడ్తలు. ‘చార్జింగ్ పెట్టి వాడితే’ అన్నది మాత్రం గడుసు వాక్యం. బ్యాటరీ పోయిందని చెప్పీ చెప్పకుండా చెప్పారు. అనుమానం వస్తే అడగాల్సింది అని వాదిస్తారు, అందులో కొంత పస ఉంది కూడా. నేనైతే బ్యాటరీ మీద పట్టుబట్టను. హింజ్ సంగతి వేరు. మూత తెరిస్తే స్క్రీన్ ఊడి చేతికొచ్చేలా ఉంటే దాన్ని చిన్న వర్క్ అని ఎవరూ అనరు. ప్రకటన ఫొటోల్లో ఆ మూల రాకుండా తీశారేమో చూడండి. తెలిసీ లోపాన్ని దాచిపెట్టి అమ్మితే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం అది మోసమే.

అమ్మింది వ్యాపారి అయితే రెండేళ్లలోపు మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. దానికంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915కు ఫోన్ చేయండి, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. తన పాత ల్యాప్‌టాప్ అమ్ముకున్న మామూలు మనిషి అయితే సివిల్ కోర్టుకే వెళ్లాలి. పోలీసు కేసు జోలికి తొందరపడి వెళ్లకండి. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపగలిగితేనే అది నిలుస్తుంది.

ప్రకటన తీసేయకముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ర్యామ్ ఎంతో కనిపించే సెట్టింగ్స్ పేజీకి కూడా ఫొటో తీయండి. వస్తువు వద్దని, కారణాలతో సహా, ఈరోజే రాతపూర్వకంగా పంపండి. ఏమీ అనకుండా వాడుతూ పోతే ఒప్పుకున్నట్టే లెక్క, ఆ తర్వాత నష్టపరిహారం అడగగలరు గానీ వస్తువు వద్దని వెనక్కి ఇవ్వలేరు. వేరే ఒప్పందం లేకపోతే దాన్ని మీ ఖర్చుతో వెనక్కి పంపాల్సిన పని లేదు. వద్దని తెలియజేస్తే చాలు.