క్లచ్ మీద ఎవరి కాలుందో చూసుకో

చిట్టి తల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, అది డ్రైవింగ్ స్కూల్లో చేరిందట, డబ్బులు కట్టేశాక చెప్తోంది నాకు" అంది. ఆ తర్వాత కాసేపు తనూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. నాకైతే లోపల ఎంత సంబరమో చెప్పలేను, మన ఇంట్లో నా తర్వాత స్టీరింగ్ పట్టుకునే ఆడపిల్లవి నువ్వేనే. కానీ ఫోన్ పెట్టేసి పడుకుంటే నిద్ర పడితే ఒట్టు. అందుకే తెల్లారగానే లేచి ఇది రాస్తున్నా. ఫోన్లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని రెండు నిమిషాల్లో పెట్టేస్తావు, నాకు తెలుసు. చివరిదాకా చదువు.

చిన్నవి ముందు చెప్పేస్తా. లెర్నర్స్ లైసెన్సుకి పెట్టే పరీక్ష గురించి కంగారు పడకు, గుర్తులూ రూల్సూ రెండుసార్లు శ్రద్ధగా చదివితే వచ్చేస్తుంది. కళ్ళజోడు ఉంది కదా, పెట్టుకోకుండా సీట్లో కూర్చోకు. హవాయి చెప్పులు వేసుకుని వెళ్ళకు, జారి బ్రేక్ కింద ఇరుక్కుంటాయి, పల్చటి అడుగున్న బూట్లు వేసుకో. సీటు ఎలా జరుపుకోవాలంటే, క్లచ్ పూర్తిగా కిందికి తొక్కినా నీ మోకాలు కొంచెం వంగి ఉండాలి, అలాగని స్టీరింగ్ మీదకి వాలిపోయి కూర్చోకూడదు, ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, లేకపోతే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు అదే దెబ్బ కొడుతుంది. అద్దాలు బండి కదలకముందే సర్దుకోవాలి. ఇవన్నీ స్కూల్లో వాళ్ళు చెప్తారు, నేను ఎక్కువ చెప్పను.

వాళ్ళు చెప్పనిది ఒకటుంది. దానికోసమే ఈ ఉత్తరం.

మీ అమ్మ కనుబొమ్మ మీద గీత ఉంది చూశావా, వెంట్రుకలు మొలవని చోటు. కారు యాక్సిడెంట్‌లో తగిలింది, వెనక ఎవడో హారన్ కొట్టి కొట్టి పెద్దమ్మని కంగారు పెట్టాడు అని నీకు చెప్పి ఉంటారు. ఇంట్లో అందరం అలాగే చెప్పుకుంటూ వచ్చాం. హారన్ కొట్టిన మాట నిజమే. కానీ తప్పు వాడిది కాదమ్మా, నాది.

నేను నేర్చుకున్నప్పుడు స్కూల్ కారులో నేర్పేవాళ్ళ వైపు కూడా క్లచ్, బ్రేక్ ఉండేవి, ఇప్పుడు నీ కారులోనూ ఉంటాయి చూడు. మాకు నేర్పినాయన చాలా మంచి మనిషి, ఒక్కసారి కూడా అరిచి ఎరగడు. మొదటి వారంలోనే "మీకు చెయ్యి బాగా తిరిగిందమ్మా" అన్నాడు. నేను పొంగిపోయాను. ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించమంటే కదిలించేదాన్ని, బండి వెన్నలా వెళ్ళేది, ఇంజన్ ఒక్కసారి ఆగేది కాదు. ఇంటికొచ్చి మీ అమ్మకి గొప్పలు చెప్పేదాన్ని. టెస్ట్ కూడా ఆ స్కూల్ కారులోనే ఇచ్చాను, ఆయన పక్క సీట్లోనే కూర్చున్నాడు, పాసైపోయాను.

ఆ రెండు వైపుల పెడల్సూ లోపల ఒక రాడ్‌తోనో కేబుల్‌తోనో కలిపి ఉంటాయి. ఆయన తన వైపు తొక్కితే నా వైపు పెడల్ కూడా కిందికి దిగుతుంది. నా కాలు దాని మీదే ఉంటుంది కదా, అది దిగుతుంటే నేనే తొక్కుతున్నా అనుకునేదాన్ని, అది మెల్లగా పైకి వస్తుంటే నేనే వదులుతున్నా అనుకునేదాన్ని. అన్ని రోజులూ క్లచ్ తొక్కింది ఆయన. నేను స్టీరింగ్ మాత్రం తిప్పాను. ఆ సంగతి నాకు తెలియనే తెలియదు.

లైసెన్సు వచ్చిన నాలుగో రోజు మీ అమ్మని ఎక్కించుకుని బయల్దేరాను. అది అప్పటికి కాలేజీలో ఉంది, పక్క సీట్లో కూర్చుని ఒకటే కబుర్లు. బెల్టు పెట్టుకోబోయింది. "ఇక్కడిక్కడికే కదే, ఎందుకు" అన్నాను. ఆ మాట అన్నది నేనేనమ్మా. ఇన్నేళ్ళయినా దాన్ని మింగలేకపోతున్నా.

దారిలో ఒక ఎత్తు. పైన సిగ్నల్ పడి బళ్ళన్నీ ఆగాయి, నా ముందు ఒక వ్యాన్, దానికి మరీ దగ్గరగా వెళ్ళి ఆపాను. సిగ్నల్ వచ్చింది. అలవాటు ప్రకారం బ్రేక్ మీద నుంచి కాలు తీసి యాక్సిలరేటర్ మీద పెట్టాను, బండి ముందుకి పోవాల్సింది పోయి వెనక్కి జారడం మొదలెట్టింది. స్కూల్లో ఎప్పుడూ ఇలా జారలేదే! వెనకవాడు హారన్ కొట్టాడు. నేను క్లచ్ వదిలేశాను, బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను, హ్యాండ్‌బ్రేక్ అనేది ఒకటుందన్న సంగతే గుర్తు రాలేదు, హారన్ ఆపకుండా మోగుతూనే ఉంది, ఈసారి జారకూడదని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి క్లచ్ ఒక్కసారిగా వదిలేశాను. బండి ఎగిరినట్టు ముందుకెళ్ళి వ్యాన్‌కి గుద్దుకుంది. ఎంత దూరం పోయి ఉంటుంది, రెండు గజాలు. అంతే. మీ అమ్మ నుదురు డాష్‌బోర్డుకి కొట్టుకుంది. ఏడవలేదు అది, కనుబొమ్మ మీద చెయ్యి పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి కారుతుంటే, "అక్కా, బండి ఆపెయ్, ఆపెయ్" అంటోంది. బండి ఎప్పుడో ఆగిపోయింది. మూడు కుట్లు పడ్డాయి.

తర్వాత నెల రోజులు కారు ముట్టుకోలేదు. మీ తాతయ్య ఒకరోజు పొద్దున్నే ఖాళీ మైదానానికి తీసుకెళ్ళి, పక్కన కూర్చుని, "యాక్సిలరేటర్ జోలికి పోకు, ఒక్క క్లచ్‌తో బండి కదిలించు" అన్నాడు. ఇరవై సార్లు ఇంజన్ ఆగిపోయింది. ఇరవై ఒకటోసారి కాలి కింద ఏదో తెలిసింది. క్లచ్ పైకి వస్తూ ఒక చోట పట్టుకుంటుంది చూడు, ఇంజన్ శబ్దం కొంచెం బరువెక్కుతుంది, బానెట్ ఒక్క పిసరు పైకి లేచినట్టవుతుంది, సీటు కింద సన్నగా వణుకు పుడుతుంది. అక్కడ కాలు ఆపగలిగితే డ్రైవింగ్ సగం వచ్చినట్టే. అది లైసెన్సు చేతికొచ్చిన నెలకి నాకు మొదటిసారి తెలిసింది, ఏం చెప్పను.

అందుకని నువ్వు మొదటి రెండు మూడు రోజులూ వాళ్ళు తొక్కితే తొక్కనీ, అది నీ మంచికే. తర్వాత నీ కాలి కింద పెడల్ నీకంటే ముందు దిగుతోందేమో గమనించు. దిగుతోందంటే మొహమాటపడకుండా అడుగు, "సార్, మీ రెండు కాళ్ళూ వెనక్కి తీసి మ్యాట్ మీద పెట్టండి, ప్రమాదమైతే తప్ప తొక్కకండి" అని. నీ చేత ఇంజన్ ఆగిపోవాలి. పదిసార్లు ఆగనీ, సిగ్గేం లేదు. ఎత్తు మీద కదిలించడం రోజూ అడిగి చేయించుకో. హ్యాండ్‌బ్రేక్ లాగి, ఫస్ట్ గేర్ వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్‌ని ఆ పట్టుకునే చోటుకి తెచ్చి, బానెట్ లేవడం తెలిశాకే హ్యాండ్‌బ్రేక్ వదలాలి. ఇంజన్ ఆగిపోతే మొదట బ్రేక్, తర్వాత హ్యాండ్‌బ్రేక్, ఆ తర్వాతే తాళం. ఈ వరస తప్పకు. కొత్త కార్లలో ఎత్తు మీద బండి జారకుండా పట్టుకునే హిల్ అసిస్ట్ ఉంటుంది కదా అంటావేమో, అది పట్టుకునేది రెండు మూడు క్షణాలే.

ఆటోమేటిక్ కొంటానని మీ అమ్మతో అన్నావట. కొనుక్కో, కానీ నేర్చుకోవడం గేర్ల బండి మీదే నేర్చుకో. చాలా దేశాల్లో ఆటోమేటిక్ మీద టెస్ట్ ఇస్తే ఆ లైసెన్సుతో గేర్ల బండి నడపనివ్వరు కూడా. ఆటోమేటిక్‌లో ఎడమ కాలికి పని లేదు, దాన్ని బ్రేక్ మీదకి తేవద్దు.

ముందు బండికి ఎంత దూరంలో ఆగాలో తెలుసా? దాని వెనక టైర్లు రోడ్డుకి ఆనిన చోటు నీ సీట్లోంచి కనపడాలి. ఆరోజు నేను అలా ఆగి ఉంటే వ్యాన్ దాకా పోయేదాన్ని కాదేమో. నడుస్తున్నప్పుడైతే ముందు బండి ఒక స్తంభాన్ని దాటాక నువ్వు అక్కడికి చేరడానికి కనీసం రెండు సెకన్లు పట్టాలి, వాన పడుతుంటే నాలుగు. అరవై స్పీడులో బండి సెకనుకి 16 మీటర్ల పైనే పోతుంది, నువ్వు చూసి, కాలు బ్రేక్ మీదకి తెచ్చే లోపే అంత దూరం అయిపోతుంది. స్పీడు రెండింతలైతే బ్రేక్ తొక్కాక బండి ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. ఇది బాగా బుర్రలో పెట్టుకో. ఫోన్ మాత్రం వెనక సీట్లో బ్యాగులో పడెయ్, నేను చేసినా ఎత్తకు.

ఇక బెల్టు. ఇప్పుడు మనం పెట్టుకునే మూడు చోట్ల పట్టి ఉంచే బెల్టుని 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ తయారు చేశాడు, ఆ కంపెనీ ఆ పేటెంట్‌ని మిగతా కంపెనీలన్నీ వాడుకోవడానికి వదిలేసింది. మీ అమ్మ కుట్లు విప్పించుకున్న రోజుల్లో చదివానది. చదివి పుస్తకం మూసేశాను. ఆ బెల్టు నా కారులో, మీ అమ్మ భుజం పక్కనే వేలాడుతూ ఉంది ఆరోజు. నీ కారులో వెనక కూర్చున్నవాళ్ళు కూడా బెల్టు పెట్టుకున్నాకే తాళం తిప్పు. వీధి చివరికైనా సరే. పెద్దవాళ్ళు "ఎందుకులే" అంటారు, వినకు, నేనన్నా వినకు.

ఇంకో మాట. ఎవరో టెస్ట్ ఇవ్వకుండానే లైసెన్సు ఇప్పిస్తానన్నాడని నీ ఫ్రెండ్ చెప్పిందట, నువ్వు "చూద్దాంలే" అన్నావట. ఏం చూస్తావే? ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. నేను టెస్ట్ ఇచ్చి పాసై కూడా ఏం చేశానో పైన రాశాను కదా. ఫెయిలైతే ఫెయిలవ్వు. రివర్స్ రాలేదంటే రివర్స్ నేర్చుకుని మళ్ళీ వెళ్తావు, ఎందులో తక్కువున్నావో ఊరికే చెప్పి పంపిస్తున్నారు నీకు. కోప్పడ్డానని మొహం ముడుచుకోకు తల్లీ. నువ్వు మొండిదానివి, మొండివాళ్ళకి డ్రైవింగ్ బాగా వస్తుంది.

వెనకనుంచి హారన్ కొడతారు. కొట్టనీ. నీ బండి ఆగిపోతే రెండు ఇండికేటర్లూ వేసి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఆ వరస మొదటినుంచీ చెయ్యి.

స్కూలు అయ్యాక వెంటనే ఒక్కదానివే బయల్దేరకు, నాకు చెప్పు, నేనొచ్చి పక్కన కూర్చుంటా. నా వైపు పెడల్స్ ఉండవు కదా, ఏమీ చెయ్యను, నోరు కూడా మెదపను. అలా పది రోజులు తిరిగాక మీ అమ్మని ఎక్కించుకో. అది వద్దంటుంది, నాలుగుసార్లు అడిగితే ఎక్కుతుంది. నా కారులో ఇప్పటికీ ఎత్తు రాగానే తలుపు పైనున్న పిడి పట్టుకుంటుంది, కబుర్లు చెబుతూ చెబుతూ ఆగిపోతుంది, ఎత్తు దాటాక మళ్ళీ అక్కడినుంచే అందుకుంటుంది. నీ కారులోనూ పట్టుకుంటుంది. నువ్వు చూడనట్టే ఉండు, ఏమీ అనకు, క్లచ్ మెల్లగా వదులు.

ఉంటాను. మొదటి క్లాసు అయ్యాక ఎన్నిసార్లు ఇంజన్ ఆగిందో మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ