టమాటా పెట్టె ఎప్పుడు కొనాలి?

ప్రశ్న: మాది కర్నూలు, ఇంట్లో నలుగురం. పత్తికొండ వైపు టమాటా ధర పడిపోయినప్పుడు పెట్టె తెప్పించి, ఏడాదికి సరిపడా నిల్వ పచ్చడి పెట్టుకోవాలని ఆశ. పోయినేడు వర్షాకాలం చివర తెప్పించిన 25 కిలోలలో కొన్ని పచ్చడి పెట్టేలోపే కుళ్ళిపోయాయి. పెట్టిన పచ్చడికి రెండు నెలలకే బూజు వచ్చింది. మా అత్తగారికి రక్తపోటు ఉన్నందున ఉప్పు కొంత తగ్గించి వేశాను. ఇక పెట్టె లెక్కన కొనడం మానుకోవాలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మానుకోనక్కరలేదు. అయితే పెట్టె కొనే రోజును ధర చూసి కాక ఎండ చూసి నిర్ణయించుకోండి. మీ ప్రాంతంలో ఖరీఫ్ పంట మార్కెట్టుకు వచ్చి ధర పడిపోయే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు ఇంకా పూర్తిగా వెనుకపట్టవు. ఉప్పులో ఊరిన ముక్క ముసురులో ఎండదు, ఎండని ముక్క జాడీలో నిలవదు. కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువైనా, సంక్రాంతి దాటాక వరుసగా కొన్ని రోజులు మంచి ఎండ కాసేటప్పుడు కొన్న కాయే పచ్చడికి చివరకు చౌకగా పడుతుంది.

కొనే పరిమాణం కూడా మీ డాబా మీద ఒక్క వరుసలో ఆరబోయగలిగినంతే ఉండాలి. నలుగురికి పది కిలోలు చాలు, మిగిలిన పెట్టెను ఇరుగుపొరుగు వారితో పంచుకోండి. పెట్టె ఇంటికి రాగానే బోర్లించి కాయలను ఏరాలి, ఈ పని మరునాటికి వాయిదా వేయకూడదు. పగిలినవి, మెత్తబడినవి ఆ పూట కూరకు, చారుకు వాడేయండి. గట్టిగా ఉండి బాగా ఎర్రబడినవే పచ్చడికి పనికివస్తాయి. దోరకాయలను గోనెసంచి మీద, నీడలో, ఒకదానికొకటి తగలకుండా తొడిమ వైపు కిందికి పెట్టి పరచండి. ఫ్రిజ్‌లో పెడితే అవి సరిగా పండవు, రుచీ తగ్గుతుంది.

కాయలు కడిగి, తుడిచి, తడి పూర్తిగా ఆరిన తరువాతే కోయాలి. కిలో ముక్కలకు 100 గ్రాముల కల్లుప్పు, ఒక చెంచా పసుపు కలిపి జాడీలో పెట్టి వాసెన కట్టండి. టమాటాలో నూటికి దాదాపు 94 పాళ్ళు నీరే కనుక మూడోనాటికి ముక్కలు ఊటలో తేలుతూ కనిపిస్తాయి. అప్పుడు ముక్కలను గట్టిగా పిండి ఎండలో వేసి, ఊటను వెడల్పాటి గాజు లేదా పింగాణీ పాత్రలో పోసి వాటి పక్కనే పెట్టండి. ఉప్పూ పులుపూ అల్యూమినియాన్ని తినేస్తాయి కాబట్టి ఆ గిన్నెలు వాడవద్దు. గింజ, పీచు తీసిన చింతపండు కిలోకు 100 గ్రాముల చొప్పున నీళ్ళలో కాక ఈ ఊటలోనే నానాలి. ముక్కను వేళ్ళతో నొక్కితే తడి అంటకుండా, మడిస్తే విరగకుండా వంగినప్పుడు ఎండినట్టు లెక్క. అప్పుడు ముక్కలు, చింతపండు, చిక్కబడిన ఊట కలిపి రుబ్బి, కారం, మెంతిపిండి, పోపు ఏమీ వేయకుండా ఆ ముద్దనే జాడీకెత్తండి. కావలసినప్పుడల్లా పొడి గరిటెతో కొంచెం తీసి కారం కలిపి, వెల్లుల్లి వేసి పోపు పెట్టుకుంటే ఎప్పటికప్పుడు కొత్త పచ్చడిలా ఉంటుంది, పెద్ద జాడీకి తడి తగిలే అవకాశమూ తగ్గుతుంది.

మీ పచ్చడికి బూజు రావడానికి ముసురు ఒక కారణమైతే, తగ్గించిన ఉప్పు రెండో కారణం. నిల్వ పచ్చడిలో ఉప్పు రుచి కోసం మాత్రమే కాదు, సూక్ష్మజీవులకు నీరు అందకుండా చేసేది అదే. బూజు పట్టిన పచ్చడిని పైపైన తీసేసి మిగిలినది వాడవద్దు, మొత్తం పారవేయండి. అంత కష్టపడి పెట్టినదాన్ని పారబోయడం ఎంత బాధో తెలుసు, అయినా ఇంట్లో పెద్దవారున్నప్పుడు ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

మీ అత్తగారి కోసమైతే ఉప్పు తగ్గించిన పచ్చడి కంటే ఉప్పే లేని గుజ్జు మేలు. టమాటాలు ఉడికించి, చల్లార్చి, ఒక్కో పూటకు సరిపడా చిన్న డబ్బాలలో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టినప్పుడు గుజ్జు ఉబ్బుతుంది కాబట్టి డబ్బా పైన రెండు వేళ్ళ ఖాళీ వదలాలి. వానాకాలంలో చౌకగా దొరికిన కాయలకూ ఇదే సరైన దారి. ఆ గుజ్జును సీసాలో పోసి మూత బిగించి అలమరలో పెట్టడం మాత్రం ఎంతమాత్రం వద్దు. టమాటా పులుపు రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి మారుతుంది. పులుపును కొలిచే పీహెచ్ అంకె (ఇది పెరిగితే పులుపు తగ్గినట్టు) 4.6 దాటితే గాలి ఆడని సీసాలో బొట్యులినమ్ అనే ప్రాణాంతక విషాన్ని తయారుచేసే బాక్టీరియా పెరగగలదు. ఆ విషం ఉన్నట్టు వాసనలోగాని, రంగులోగాని తెలియకపోవచ్చు.